యాభై పెట్టమన్నది నేనే

సుగంధి పోయిన ఎనిమిది నెలలకు నేను మా కారు టైర్ల వంక మొదటిసారి సరిగా చూశాను.

అంతవరకు ఆ కారు ఆమెది. ఇద్దరి పేరు మీదే కొన్నా నడిపింది ఆమె. నాకు లైసెన్సు ఉంది, ధైర్యం లేదు. బడికి స్కూటరు మీద వెళ్ళేవాణ్ణి. శనివారాలు కాలాపేటకు వెళ్ళి యూనివర్సిటీ హాస్టల్లో ఉండే మా అమ్మాయి ఆమనిని తీసుకురావడం, ఆదివారం సాయంత్రం మళ్ళీ దించి రావడం సుగంధి పని. నేను పక్క సీట్లో కూర్చుని జవాబు పత్రాలు దిద్దుకునేవాణ్ణి. ఫిబ్రవరిలో ఒక ఉదయం ఆమె తలనొప్పిగా ఉందని వంటింట్లో కూర్చుంది. మధ్యాహ్నానికి లేదు. దాని గురించి ఇంతకంటే రాయలేను.

తర్వాత కారు నా చేతికి వచ్చింది. ఆమని బస్సులో వస్తానంది. నేనే వద్దన్నాను. తల్లి తీసుకొచ్చేది కనుక నేనూ తీసుకురావాలి అనుకున్నాను. నెల రోజులపాటు తెల్లవారగానే మా లాస్పేట వీధుల్లో తిప్పి చేయి సరిచేసుకున్నాను. వానొచ్చినా ఎండొచ్చినా శనివారం మానలేదు. తల్లి పోయాక మా ఇద్దరికీ మధ్య మిగిలింది ఆ అరగంట ప్రయాణమే. ఇంట్లో ఆమని గదిలో ఆమని, నా గదిలో నేను. కారులో మాత్రం ఏదో ఒకటి మాట్లాడుకునేవాళ్ళం.

పెట్రోలు పోయించేవాణ్ణి, అద్దాలు తుడిచేవాణ్ణి. గాలి సంగతి నాకు తోచనే లేదు.

నవంబరు మొదటి శనివారం ఉదయం ముందు టైరు ఒకటి కాస్త కూలబడినట్టు కనిపించింది. సుగంధి వెళ్ళే బంకుకే వెళ్ళాను. మా ఇంటికి మూడు వీధుల అవతల ఉంది. గాలి పట్టేది బంకు వెనుక మూల, రేకు కప్పు కింద. అక్కడ ఒక స్టూలు, స్టూలు మీద పూంగావనం.

ఆమెకు యాభై అయిదేళ్ళుంటాయి. చీర మీద ఖాకీ చొక్కా వేసుకుంటుంది. ఊరు అరియాంకుప్పం. వాళ్ళ వాళ్ళు ఎన్నో తరాల క్రితం ఈ తమిళ ప్రాంతానికి వచ్చి పొలాలు చేసుకున్న తెలుగువాళ్ళు. ఇంట్లో తెలుగే, కాని అక్షరాలు రావు. సుగంధి పుట్టిల్లు కూడా ఆ పక్కనే. ఇద్దరూ ఒకే రకం తెలుగు మాట్లాడుకునేవాళ్ళు. నేను యానాం నుంచి ఉద్యోగానికి వచ్చినవాణ్ణి. పెళ్ళయిన కొత్తలో సుగంధి "యాడ" అంటే "ఎక్కడ" అని దిద్దేవాణ్ణి. ఆమె మొదట్లో నవ్వేది, తర్వాత నా ఎదుట అలా మాట్లాడటం మానేసింది. బంకులో మాత్రం మాట్లాడేదట. ఆ సంగతి నాకు పూంగావనం వల్లే తెలిసింది.

"రండి సారు," అంది ఆమె లేచి. "మన బండిని చూసి శానా దినాలాయె. అమ్మ పోయినాక ఈ టైర్లను ఎవురూ తొంగి చూసినట్టు లేదే."

మన బండి అన్న మాట నాకు నచ్చలేదు.

నేను వంగి టైరు పక్కన ఉబ్బెత్తు అక్షరాలు చదివాను. గరిష్ఠ పీడనం మూడు వందల యాభై కిలో పాస్కల్స్, యాభై ఒకటి పీఎస్ఐ. ఇరవై ఏడేళ్ళుగా ఫిజిక్సు చెబుతున్నాను. మనసులోనే భాగించి చూసుకుంటే సరిపోయింది. జాగ్రత్త కోసం ఒకటి తగ్గించాను కూడా.

"యాభై పెట్టు," అన్నాను.

"ఏంది?"

"యాభై."

"అయ్యో, యాభై ఏంది సారు! ఇదేమన్నా లారీనా? ముప్పై మూడు పెడదాం. వెనకాల నిండా మనుషులుంటే ఇంగో రెండు. అమ్మ ఎప్పుడూ ముప్పై మూడే పెట్టమంటాది."

"టైరు మీద రాసి ఉంది."

"అది టైరు ఎంత తాళతాదో ఆ లెక్క సారు. బండి లెక్క వేరే. తలుపు తీస్తే ఆడ చీటీ అంటిచ్చి ఉంటారు, చూడండి."

డ్రైవరు తలుపు తీశాను. తలుపు ఆనే స్తంభం మీద చీటీ కనిపించలేదు. ఎండి గట్టిపడిన గంధం, దాని మీద కుంకుమ, మళ్ళీ గంధం. పూంగావనం నా భుజం పక్కనుంచి చూసి నవ్వింది.

"యాడుంది చీటీ? పూజ చేసి చేసి కప్పేసినారే! దేవుడు కూడా చదవలేడు సారు."

వెనుక బైకు మీద ఉన్న ఇద్దరు కూడా నవ్వారు. నాకు చెవులు వేడెక్కాయి.

"నేను ఫిజిక్సు మాస్టర్ని. ప్రెషర్ అంటే ఏమిటో నాకు తెలుసు."

"మీరు పిల్లోళ్ళకు చెప్తారు సారు. నేను దినానికి నూరు బండ్లకు పడతాను. నా మాట వద్దు, అమ్మ మాట ఇనండి. ఆ యమ్మకు తెలుసు ఈ బండికి ఏం కావాలో."

"నా భార్య సంగతి నువ్వు నాకు చెప్పక్కర్లేదు," అన్నాను. "చెప్పింది చెయ్యి."

నాకంటే పెద్దావిడతో అలా మాట్లాడాను. ఆమె ముఖంలో నవ్వు పోయింది. మిషను మీద మీట నొక్కుకుంటూ యాభైకి తెచ్చింది. ఒక్కో టైరు నిండినప్పుడు మిషను కూత పెట్టేది, ఆమె గొట్టం తీసి "ఆయె" అనేది. నాలుగుసార్లు "ఆయె" అంది. స్టెప్నీ చూడమంటారా అని కూడా అడగలేదు. సుగంధి నెలకొకసారి స్టెప్నీ కూడా చూపించేదని నాకు తర్వాత తెలిసింది.

కారు తేలిగ్గా పరిగెత్తింది. స్టీరింగు వేలితో తిరుగుతోంది. గుంతల దగ్గర మాత్రం దెబ్బ నేరుగా నడుముకు తగిలింది. అది రోడ్డు తప్పు అనుకున్నాను. లెక్క ప్రకారం చేసిన పని ఇలాగే ఉంటుందని సంతోషపడ్డాను కూడా. కాలాపేటలో ఆమని ఎక్కింది. తిరిగి వస్తుంటే సన్నగా జల్లు మొదలైంది. ఈసీఆర్ అనే సముద్రపు ఒడ్డు రోడ్డు మీద ఒక స్టాపులోంచి బస్సు ఉన్నట్టుండి బయటికి వచ్చింది. బ్రేకు తొక్కాను. కారు ఆగలేదు. సబ్బు మీద కాలు పెట్టినట్టు జారి, పక్కకు తిరిగి, డివైడరుకు కొట్టుకుంది. ఆమని రెండు చేతులూ డాష్‌బోర్డుకు ఆనించుకుంది. కుడి మణికట్టు విరిగింది.

ఎమ్మెస్సీ కెమిస్ట్రీ రెండో ఏడాది. నెలలో ప్రాక్టికల్స్. ఆసుపత్రిలో కట్టు వేస్తున్నప్పుడు ఆమె ఏడవలేదు. నా చొక్కా మీద చిన్న రక్తపు చుక్క ఉంటే, "నీకేమైనా అయిందా నాన్నా?" అని నాలుగుసార్లు అడిగింది. అది నా పెదవి కొరుక్కుంటే వచ్చిన రక్తం.

సోమవారం ఇద్దరం సెల్వరాజ్ షెడ్డుకు వెళ్ళాం. అతను మా వీధిలో అందరి కార్లూ చూసే మెకానిక్కు. వంగిన చక్రం విప్పి పక్కన పెట్టి, మిగతా మూడు టైర్లకు మీటరు పెట్టి చూశాడు. మళ్ళీ చూశాడు.

"సార్, యాభై ఉంది. ఇంత గాలి ఎవరు పట్టారు? వాణ్ణి చెట్టుకు కట్టేసి కొట్టాలి," అన్నాడు తమిళంలో. బొటనవేలితో టైరు మధ్య భాగం తడిమాడు. "పొట్ట ఉబ్బిపోతే ఈ మధ్య గీత మాత్రమే రోడ్డును తాకుతుంది. వానలో బ్రేకు వేస్తే ఇంకేం పట్టుకుంటుంది?"

తర్వాత పెట్రోలు గుడ్డతో డ్రైవరు తలుపు స్తంభాన్ని తుడిచాడు. ఆ గంధం, కుంకుమ నేను పెట్టినవే. ప్రతి ఆయుధపూజకూ కారుకు బొట్టు పెట్టేది నేను. తెల్ల రంగు మీద పెడితే మరక పడుతుందని, ఆ స్తంభం మీద అంటించి ఉన్న కాగితం అనువుగా ఉందని, ఏడేళ్ళుగా దాని మీదే పెడుతున్నాను. "ఆడ పెట్టొద్దండి" అని సుగంధి ఒకసారి అంది. కారణం అడగలేదు. ఈ ఏడు మాకు పండుగలు లేవు గనుక పాత గంధమే రాయిలా ఎండి ఉంది. గుడ్డ కింద నుంచి అంకెలు మెల్లగా బయటపడ్డాయి.

"ముప్పై మూడు," అని ఆమని చదివింది. నా వైపు తిరిగింది. "ఎవరు నాన్నా గాలి పట్టింది?"

"బంకులో పూంగావనం పట్టింది," అన్నాను.

అందులో ఒక్క మాటా అబద్ధం కాదు. నేను మాటలు ఆచితూచి వాడేవాడినని బడిలో పేరు. ఆ రోజు ఆ అలవాటు అలా పనికొచ్చింది.

"అమ్మకు పట్టే ఆవిడేనా? అమ్మ ఉన్నన్నాళ్ళూ సరిగ్గానే పట్టింది కదా! నువ్వు కొత్తవాడివని, నీకేం తెలుస్తుందిలే అని నిర్లక్ష్యం చేసింది." కట్టు వేసిన చేతిని గుండెకు ఆనించుకుని ఉంది. కళ్ళల్లో మొదటిసారి నీళ్ళు తిరిగాయి. "అమ్మా ఆవిడా అక్కా చెల్లీ అని పిలుచుకునేవాళ్ళు!"

అప్పుడు చెప్పి ఉండవచ్చు. సెల్వరాజ్ చేతులు తుడుచుకుంటున్నాడు, చెప్పడానికి కావలసినంత సమయం ఉంది. నేను టైరు వంక చూస్తూ నిలబడ్డాను. నేను నడిపే కారు ఆమని ఇక ఎక్కనంటే ఎలా అన్న ఒక్క భయమే నాకు అప్పుడు ఉంది.

ఆటోలో ఇంటికి వస్తూ ఆమని ఎడమచేత్తో ఫోనులో ఆ పెట్రోలు కంపెనీకి ఫిర్యాదు రాసింది. మీటరు ఫోటో, తలుపు చీటీ ఫోటో, తన చేతి ఫోటో పెట్టింది. పంపే ముందు, "సరిగ్గా ఉందా నాన్నా?" అని నాకు ఇచ్చింది. ఇంగ్లీషులో ఉంది. నిర్లక్ష్యం అన్న మాటకు స్పెల్లింగు తప్పు రాసింది. నేను ఆ తప్పు చూపించాను. ఆమె దిద్ది పంపింది.

నాలుగో రోజు బంకు మేనేజరు ఆదికేశవన్ ఫోను చేశాడు.

"చాలా సారీ సార్. పై ఆఫీసు నుంచి అడుగుతున్నారు. ఆ పూంగావనాన్ని పనిలోంచి ఆపేశాం. పాపకు ఎలా ఉంది?"

"పర్వాలేదు," అన్నాను.

"అయితే సరేనా సార్?"

"సరే," అన్నాను.

ఆ వారమే తొమ్మిదో తరగతికి ప్రెషర్ పాఠం వచ్చింది. బోర్డు మీద బలం, వైశాల్యం, గీత. వెనుక బెంచీలో హేమమాలిని అనే పిల్ల లేచి, టైరులో గాలి ఎక్కువుంటే మంచిదా తక్కువుంటే మంచిదా అని అడిగింది. బొమ్మ గీసి చెప్పాను. ఎక్కువైతే నేలను తాకే చోటు చిన్నదవుతుంది, పట్టు పోతుంది. తక్కువైతే అంచులు అరుగుతాయి, టైరు వేడెక్కుతుంది. చల్లగా ఉన్నప్పుడే చూడాలి, బండి ఎంత చెబితే అంతే పెట్టాలి. పిల్లలు రాసుకున్నారు. నా గొంతు ఎప్పటిలాగే ఉంది. ఇంటికి వచ్చాక దానికే నాకు భయం వేసింది.

ఆదివారం పొద్దున పది గంటలకు గేటు చప్పుడైంది. పూంగావనం. ఖాకీ చొక్కా లేకుండా ఆమెను చూడటం అదే మొదటిసారి. అరియాంకుప్పం నుంచి రెండు బస్సులు మారి వచ్చిందట.

"పాపకు చెయ్యి ఎట్లుండాది సారు?"

"పర్వాలేదు."

"ఎముకేనా? నరం గిరం ఏమీ లేదు కదా?"

"ఎముకే. ఆరు వారాలు."

ఆమె తల ఊపింది. గేటు ఊచ పట్టుకుని నిలబడింది. "ఆదికేశవన్ నన్ను ఇంటికి పొమ్మన్నాడు సారు. పదకొండేండ్లయె నేను ఆ స్టూలు మింద కూర్చోని. నా మింద కంప్లయింట్ అంట. బుద్ధి లేక యాభై పెట్టినానంట. ఇంగ్లీషులో ఉండాది, చదివి చెప్పినాడు. ఇన్ని బండ్లకు పట్టినాను, ఒక్కరు ఒక్క మాట అన్లేదు."

నేను వెనక్కి తిరిగి ఇంటి తలుపు వైపు చూశాను.

"యాభై అన్నది ఎవురు సారు?" ఆమె గొంతు పెరిగింది. "నేను వద్దు వద్దంటే..."

"నెమ్మదిగా," అన్నాను. "లోపల అమ్మాయి పడుకుంది."

ఆమని పడుకోలేదు. ముందుగదిలో కూర్చుని ఎడమచేత్తో రాయడం అలవాటు చేసుకుంటోంది. నేను గేటు దాటి బయటికి వచ్చి, పక్కింటి గోడ చివర దాకా నడిచాను. పూంగావనం కుంటుకుంటూ నా వెనుక వచ్చింది.

"పాపకు తెలీదా?" అని అడిగింది.

నేను గోడ వైపు చూశాను.

"ఓహో," అంది. "పాప చిన్నపిల్ల, నొప్పిలో రాసుంటాది, సారుకు తెలిసుండదు, పోయి చెప్తే సరిచేస్తారు అనుకోని వచ్చినాను. మా కోడలు అన్నింది, పోవద్దత్తా, ఆయప్పకు తెలిసే జరిగుంటాది అని. దాన్ని తిట్టి వచ్చినాను సారు. సుగందమ్మ మొగుడు అట్ల చేయడే అని."

నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. బడిలో తప్పు చేసిన పిల్లలు నా ఎదుట అలా నిలబడతారు.

"నేను మేనేజరుతో మాట్లాడతాను."

"ఎప్పుడు?"

"చూస్తాను."

"చూడండి," అంది. "నాకు మోకాలు పోయింది సారు. గాలి కాడ స్టూలు ఉండాది కాబట్టి చేస్తిని. ఇంగ యాడా నన్ను కూర్చోబెట్టి పని ఇయ్యరు. కొడుకు లేడు. కోడలు, ఇద్దరు పిల్లోళ్ళు. చుమ్మా ఊరికే మీ ఇంటి ముందర నిలబడి గలాటా చేయాలని రాలే. ఒక మాట. వాడితో ఒక్క మాట చెప్పండి."

ఆమె వీధి మలుపు తిరిగేదాకా చూసి లోపలికి వచ్చాను.

"ఎవరు నాన్నా?" అంది ఆమని.

"ఏదో అడ్రసు అడుగుతున్నారు," అన్నాను. ఈసారి అది పూర్తి అబద్ధం.

సోమవారం వెళ్ళలేదు. మంగళవారం బడి అయ్యాక బంకు ముందు నుంచి స్కూటరు మీద రెండుసార్లు వెళ్ళాను, లోపలికి తిప్పలేదు. గాలి మూల స్టూలు మీద ఎవరో కొత్త మనిషి ఫోను చూసుకుంటున్నాడు. గురువారం వెళ్ళాను. ఆదికేశవన్ గాజు గదిలో ఉన్నాడు. కూర్చోమన్నాడు, కూర్చోలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాను. మాటలు వెతుక్కోకుండా చెప్పడం నాకు అలవాటు లేదు, అందుకని చాలాసేపు పట్టింది.

అతను పెన్నుకు మూత పెట్టాడు.

"ఫోను చేసినప్పుడు సరే అన్నారు కదా సార్?"

"అన్నాను."

"అప్పుడెందుకు చెప్పలేదు?"

"చెప్పాల్సింది," అన్నాను.

"మీరు చెప్పింది నేను నమ్ముతాను. కంప్యూటర్ నమ్మదు సార్. ఫిర్యాదు పాప ఫోను నుంచి వచ్చింది, వెనక్కి తీసుకోవడం కూడా ఆ ఫోను నుంచే జరగాలి. కారణం రాయాలి. అది పై ఆఫీసుకు పోతే తప్ప నేను ఆమెను గేటు లోపలికి రానివ్వలేను."

ఎదురుగా ఉన్న మనిషి నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నవాడు. నన్ను సార్ అనడం మానలేదు, కాని నా ముఖం చూడకుండా కంప్యూటరు వైపు తిరిగాడు.

ఆ సాయంత్రం ఆమనికి అన్నం కలిపి చెంచా వేసి ఇచ్చాను. ఎడమచేత్తో తింటోంది. సగం తిన్నాక చెప్పడం మొదలుపెట్టాను. టైరు మీద అంకెలు చదవడం, పూంగావనం వద్దనడం, చీటీ చూడమనడం, అందరూ నవ్వడం. చెంచా ఆగిపోయింది.

"అమ్మ ముప్పై మూడే పెట్టమనేదని ఆవిడ చెప్పిందా?"

"చెప్పింది. రెండుసార్లు చెప్పింది."

"అయినా?"

"అందుకే," అన్నాను. నీళ్ళు తాగి మళ్ళీ చెప్పాను. "మీ అమ్మ గురించి ఎవరో నాకు చెబుతుంటే తట్టుకోలేకపోయాను. నా భార్య సంగతి నువ్వు నాకు చెప్పక్కర్లేదు అన్నాను. ఆ మాటే అన్నాను."

ఆమని కంచం పక్కకు జరిపింది. "ఆదివారం నువ్వు గోడ దాకా తీసుకెళ్ళింది ఆవిడనే కదా? కిటికీలోంచి చూశాను. అడ్రసు అడిగేవాళ్ళతో నువ్వు చేతులు కట్టుకుని మాట్లాడవు కదా అనుకున్నాను."

"అవును. ఆవిడే."

"నేను ఆవిడ తిండి మీద రాశాను నాన్నా. నువ్వు పక్కన కూర్చుని స్పెల్లింగు దిద్దావు."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. లోపలికి వెళ్ళి కాగితం, పెన్ను తెచ్చి నా ముందు పెట్టింది. "నువ్వే రాయి. నేను ఫోటో తీసి పంపుతాను."

ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు రాశాను. సమాచార లోపం వల్ల పొరపాటు జరిగిందని, ఫిర్యాదును ఉపసంహరించుకుంటున్నామని. ఆమె చదివి కాగితం తిరిగి ఇచ్చింది.

"ఇది మీ బడి సర్క్యులర్‌లా ఉంది. ఇది చదివితే ఆవిడ తప్పు చేయలేదని ఎవరికైనా తెలుస్తుందా?"

రెండోసారి ఇలా రాశాను: యాభై పెట్టమన్నది నేనే. ముప్పై మూడు చాలని ఆమె రెండుసార్లు చెప్పింది. తలుపు మీద చీటీ చూడమంది. చీటీ మీద గంధం పూసింది కూడా నేనే. నేను వినకుండా ఆమెను కసిరి పట్టించాను. తర్వాత మా అమ్మాయికి నిజం చెప్పలేదు. కింద పేరు, ఉద్యోగం, బడి రాసి సంతకం పెట్టాను. ఉద్యోగం రాసేటప్పుడు చేయి కాస్త ఆగింది. ఫిజిక్స్ టీచర్ అని పూర్తిగా రాశాను.

ఆదివారం సాయంత్రం ఆమని కట్టు చేత్తోనే బస్సుకు బయలుదేరింది. కారు బాగై వచ్చింది, నాలుగు టైర్లకూ ముప్పై మూడే ఉంది, సెల్వరాజ్ ఎదుటే చూసుకున్నాను. ఆ మాట చెప్పాను.

"తెలుసు నాన్నా. టైర్ల గురించి కాదు," అంది. బ్యాగు ఎడమ భుజానికి వేసుకుంది. "నువ్వు అంతా చూశాను అంటే నాకు ఇప్పుడు మళ్ళీ చూసుకోవాలనిపిస్తుంది. కొన్నాళ్ళు బస్సులోనే వెళ్తాను. వారం వారం వస్తాను, రాననడం లేదు."

స్టాపు దాకా బ్యాగు మోస్తానన్నాను. ఇవ్వలేదు.

డిసెంబరు రెండో వారంలో ఆదికేశవన్ ఫోను చేసి పూంగావనాన్ని మళ్ళీ పనిలోకి తీసుకున్నామన్నాడు. గాలి దగ్గర మాత్రం కాదు. ఆ పని కంపెనీ వేరే మనిషికి ఇచ్చేసింది, అతణ్ణి ఇప్పుడు తీయడం కుదరదు. బైకులకు పెట్రోలు పట్టే చోట వేశామన్నాడు. "అక్కడ నిలబడాలి కదా," అన్నాను. "అందరూ నిలబడే చేస్తారు సార్," అన్నాడు.

మర్నాడు సాయంత్రం బడి నుంచి స్కూటరు మీద వెళ్ళి ఆ వరుసలో నిలబడ్డాను. నా ముందు ఏడు బండ్లు. ఆమె ఒక్కో బండికీ గొట్టం పెట్టి, తీసి, ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటోంది. నా వంతు వచ్చింది. సుగంధి ఆమెను అక్కా అని పిలిచేది. నాకు నోరు రాలేదు.

"పూంగావనంగారూ," అన్నాను.

ఎవరిని పిలుస్తున్నానో అన్నట్టు ఆమె వెనక్కి తిరిగి చూసింది. తర్వాత నన్ను చూసింది.

"తప్పు నాది," అన్నాను. వెనుకవాళ్ళకు వినపడేటట్టే అన్నాను, గొంతు తగ్గించలేదు. "యాభై పెట్టమన్నది నేనే. ఆ రోజు మీతో అన్న మాట కూడా తప్పు. మీరు ఇంటికి వస్తే పక్కకు తీసుకెళ్ళాను, అది అన్నిటికంటే తప్పు."

"తెలుసు సారు. మీరు రాసింది ఆదికేశవన్ చదివి చెప్పినాడు," అంది. మూత తీయమన్నట్టు వేలు చూపించింది. తీశాను. "మీటరు చూసుకోండి, సున్నా."

చూశాను.

"మీ స్టూలు..." అన్నాను.

"అది పోయె సారు. ఇప్పుడు దాని మాటెందుకు?" పెట్రోలు పడుతున్నంతసేపూ ఆమె మీటరునే చూసింది. గొంతు ఇంకో రకంగా మార్చి అడిగింది, "పాపకు కట్టు తీసినారా?"

"వచ్చే వారం తీస్తారు."

"కాలాపేటకు ఎట్ల పోతా ఉండాది?"

"బస్సులో."

"బస్సు మంచిదే," అంది.

వెనుక ఎవరో హారను కొట్టారు. నేను ఇంకేదో చెప్పాలని నిలబడ్డాను. క్షమించమని అడగాలనుకున్నాను గాని, నా వెనుక తొమ్మిది బండ్లు ఉండగా, ఆమె చేతిలో పని ఉండగా అడిగితే ఆమె సరే అనడం తప్ప ఏం చేస్తుంది? ఆ మాట మింగేశాను.

"బండి ముందుకు తీయండి సారు," అంది పూంగావనం. "జనం ఉండారు."

స్కూటరు స్టార్టు చేయకుండా నెట్టుకుంటూ పక్కకు తీసుకెళ్ళాను. తిరిగి చూసేసరికి ఆమె ఒక చేత్తో పెట్రోలు మిషను అంచు పట్టుకుని, మోకాలు చాపుకుంటూ, తర్వాతి బండి ట్యాంకు మీదికి వంగి ఉంది.